జపాన్ పల్లెలో పాత ఇల్లు కొని, బాగుచేసుకుని అక్కడే ఉండిపోవాలని ఉంది. సాధ్యమేనా?

కొండపల్లి_బొమ్మ
చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం. ఇక్కడ జపాన్‌లో ఉన్నవాళ్లూ ఉన్నారు, ఇళ్లు కట్టేవాళ్లూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. నేను హైదరాబాద్‌లో జపనీస్ అనువాదాల పని చేస్తాను, జపనీస్ భాషా పరీక్షలో పై నుంచి రెండో మెట్టు ఎన్2 పాసయ్యాను, పెళ్లికి ముందు టోక్యోలో ఉద్యోగం చేశాను. మావారిది సాఫ్ట్‌వేర్, పాప మూడో తరగతి. షిమానే కొండల్లో ఒక చిన్న మునిసిపాలిటీ వాళ్ల 'అకియా బ్యాంక్'లో, అంటే ఊళ్లోని ఖాళీ ఇళ్ల జాబితాలో, ఒక ఇల్లు చూశాం. ఎర్ర పెంకుల కప్పు, రెండంతస్తులు, పక్కన మందపాటి మట్టిగోడల ధాన్యం కొట్టు, వెనక కాస్త మడి. ధర 18 లక్షల యెన్లు, మన డబ్బుల్లో పది లక్షల పైచిలుకు. కోకాపేటలో ఆ డబ్బుకి ఏమొస్తుందో మీకు తెలుసు.

ఇద్దరికీ ఈ ఊరి ట్రాఫిక్, బోరు నీళ్ల గోల, రాత్రి పదింటి దాకా ఆఫీసు కాల్స్ చాలనిపించింది. అక్కడికి వెళ్లి ఆ ఇంటిని మా చేతులతో బాగుచేసుకుని బతకాలని ఉంది. మా అత్తగారు రెండు వారాలుగా మాట్లాడటం లేదు. ఇల్లు కొంటే వీసా సంగతేంటి, బాగు చేయడానికి నిజంగా ఎంతవుతుంది, ఊళ్లోవాళ్లు మనల్ని రానిస్తారా? తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి, ఎంత కటువుగా ఉన్నా పరవాలేదు.

నిషికసాయ్_నాని
ఇల్లు కొన్నంత మాత్రాన వీసా రాదక్కా, ముందు ఇది తేల్చుకోండి. జపాన్‌లో విదేశీయులు ఇల్లూ స్థలమూ కొనుక్కోవచ్చు, కానీ అందులో ఉండే హక్కు వేరే. చాలామంది 'కంపెనీ పెట్టి బిజినెస్ మేనేజర్ వీసా తీసుకుంటాం' అంటుంటారు. ఒకప్పుడు 50 లక్షల యెన్ల పెట్టుబడి చూపిస్తే సరిపోయేది, 2025 అక్టోబర్ నుంచి దాన్ని 3 కోట్లు చేశారు, పైగా ఒక ఫుల్‌టైమ్ ఉద్యోగిని పెట్టుకోవాలి. డిజిటల్ నోమాడ్ వీసా ఆరు నెలలే, మన పాస్‌పోర్ట్‌కి అదీ వర్తించదు.

పెసరట్టు_ప్రియుడు
అత్తగారు మాట్లాడకపోతే ఇల్లు ఇప్పటికే ప్రశాంతంగా ఉండాలి కదండీ, జపాన్ దాకా ఎందుకు 😀

గోదారమ్మ
నవ్వులాటకి కాదు గానీ నాకు ఈ పోస్టు చదివితే కడుపు తరుక్కుపోయింది. అమలాపురం దగ్గర మా తాతగారి మండువా ఇల్లు ఉంది. టేకు స్తంభాలు, మండువాలో వాన నీళ్లు పడే తొట్టి, నాలుగు వైపులా వసారా. అన్నదమ్ములందరూ అమెరికాలో, హైదరాబాద్‌లో. పడమటి వైపు కప్పు కిందటి వానాకాలంలో జారిపోయింది, పెంకులు సర్దే మనిషి కోసం ఊరంతా తిరిగాం, ఒక్క ముసలాయన దొరికాడు, ఆయన నిచ్చెన ఎక్కలేడు. మన ఇళ్లు ఇలా కూలిపోతుంటే ఎవరిదో ఊళ్లో ఎవరి ఇల్లో బాగుచేయడానికి వెళ్లడం ఏంటమ్మా? ఆ పది లక్షలూ, ఆ ఓపికా ఇక్కడ పెట్టొచ్చు కదా.

కొండపల్లి_బొమ్మ
గోదారమ్మగారూ, మీ బాధ అర్థమైంది. మాకు అలాంటి ఇల్లు లేదండి. నాన్న వైపు ఇల్లు వాటాల గొడవలో అమ్మేశారు, ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్ ఉంది. ఉండుంటే నేనూ మీలాగే అనేదాన్నేమో.

హిరోషిమా_శీను
ఈ ప్రశ్నకి ఆగి రాయాలి. మాది తెనాలి. నేనుండేది హిరోషిమా ఉత్తరాన కొండల్లో, మీరు చూసిన ఇంటికి మరీ దూరమేం కాదు. పాయింట్ల పద్ధతిలో పీఆర్, అంటే శాశ్వత నివాస హక్కు, వచ్చాక ఇలాంటి ఇల్లే 12 లక్షల యెన్లకు కొన్నాను. ఇప్పటిదాకా దాని మీద పెట్టింది ఆ ధరకి ఆరు రెట్లు దాటింది, ఇంకా పైఅంతస్తు ముట్టుకోలేదు. కాబట్టి 18 లక్షల అంకెని మనసులోంచి తీసేయండి. అది ఇంటి ధర కాదు, ఆ పని మొదలుపెట్టడానికి కట్టే ఫీజు అనుకోండి.

ఇల్లు మా చేతికొచ్చినప్పుడు ఖాళీగా రాలేదు. బీరువాల నిండా కిమోనోలు, పరుపులు, ఊరి పెళ్లిళ్లకి వాడిన వందల పింగాణీ గిన్నెలు, పెద్దల ఫోటోలు, గది మూలలో బుద్ధుడి మందసం. ఆ మందసాన్ని మనం ఎత్తి బయట పడేయకూడదు. ఇంటి పెద్దావిడ ఒసాకా నుంచి వచ్చింది, ఊరి గుడి పూజారి వచ్చి మంత్రాలు చదివి అందులోని పెద్దలను సాగనంపాడు, ఆ తర్వాతే కదిపాం. ఆవిడ వెళ్లేటప్పుడు వంటగది స్తంభాన్ని కాసేపు పట్టుకుని నిలబడింది. ఆ రోజు నుంచి ఊరివాళ్లు మాతో మాట్లాడే తీరు మారింది.

ఇక పని సంగతి. హాల్లో తతామీ చాపలు లేపాం, కింద చెక్కలు బాగానే ఉన్నాయి. వంటగది నేల లేపితే, గోడ కింద పొడవునా ఉండే పట్టె దూలంలోకి స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగిపోయింది. పైకి రంగు వేసి నిగనిగలాడుతోంది, లోపలంతా చెదలు తిన్న పొడి. ఒక్క ఆ మూలకే వడ్రంగి, జాకీలు పెట్టి స్తంభం లేపడం, కొత్త దూలం, చెదల మందు అన్నీ కలిపి ఇంటి ధరంత అయింది. చెదల మందుకి ఐదేళ్లే గ్యారంటీ, తర్వాత మళ్లీ కొట్టించాలి.

మరుగుదొడ్డి పాతకాలం గుంత, లారీ వచ్చి పైపుతో లాక్కెళ్లేది. దాని బదులు 'జోకాసో' అనే శుద్ధి తొట్టి పాతించాలి. ఐదుగురికి సరిపడేది దాదాపు 8 నుంచి 10 లక్షల యెన్లు. చాలా మునిసిపాలిటీలు ఇందులో కొంత సబ్సిడీ ఇస్తాయి, కానీ పని మొదలుపెట్టకముందే దరఖాస్తు పెట్టాలి. తవ్వాక వెళ్లి అడిగితే ఇవ్వరు.

సున్నపురాయి
శీనుగారు చెప్పిన పట్టె దూలమే అసలు పాయింట్. నేను సివిల్ ఇంజనీర్‌ని, ఒక జపాన్ కంపెనీ ప్రాజెక్టులో కొన్నాళ్లు పనిచేశాను. కొండపల్లిగారూ, ఆ ఇల్లు ఏ సంవత్సరంలో కట్టారు? 1981 జూన్‌లో వాళ్ల భూకంప నిబంధనలు మారాయి, అంతకుముందు కట్టినవన్నీ పాత లెక్కలో ఉంటాయి. 2016 కుమమోతో, 2024 జనవరి 1న నోతో భూకంపాలు, రెండు చోట్లా బాగా కూలినవి ఎక్కువగా ఆ పాత చెక్క ఇళ్లే.

కొండపల్లి_బొమ్మ
జాబితాలో 'షోవా 20లలో' అని రాసి ఉంది, అంటే 1945–54 మధ్య. స్తంభాలు రాళ్ల మీద నిలబడి ఉన్నాయి, సిమెంట్ పునాది లేదు.

సున్నపురాయి
అలా రాళ్ల మీద ఊరికే నిలబెట్టిన ఇల్లు భూకంపానికి కాస్త జరుగుతుంది, చెక్క కీళ్లు వంగి మళ్లీ నిలబడతాయి, దాని బలమే అది. దాన్ని తీసుకెళ్లి కాంక్రీటుకి బోల్టులు వేసి బిగించి, పైన బరువైన పెంకులు అలాగే ఉంచితే బలమంతా కీళ్ల మీద పడుతుంది. అందుకే ఆ పాత పద్ధతి తెలిసిన వడ్రంగితోనో ఆర్కిటెక్టుతోనో లెక్క వేయించండి. 1981కి ముందు కట్టిన చెక్క ఇళ్లకు మునిసిపాలిటీలు చాలాచోట్ల భూకంప పరీక్షకి డబ్బు సాయం చేస్తాయి.

ఇంకోటి. 2025 ఏప్రిల్ నుంచి రెండంతస్తుల చెక్క ఇళ్లలో స్తంభాలు, దూలాలు, కప్పు, పైఅంతస్తు నేలలాంటి ముఖ్య భాగాల్లో ఏ ఒక్కటైనా సగానికి మించి మారిస్తే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఇంటి ముందు రోడ్డు చూశారా? చట్టం లెక్కలో 4 మీటర్ల వెడల్పు రోడ్డుకి స్థలం కనీసం 2 మీటర్లు ఆనుకుని ఉండాలి. అది లేకపోతే కూల్చి మళ్లీ కట్టుకోనివ్వని స్థలం కావచ్చు. కొండ ప్రాంతాల్లో ఈ నియమం వర్తించని చోట్లూ ఉన్నాయి, ఆఫీసులో అడిగితే చెప్తారు.

ఇటలీ_బాబాయ్
జపానే ఎందుకమ్మా? సిసిలీలో ముస్సొమెలి, సంబూకా, గంజి ఊళ్లు ఒక్క యూరోకి ఇళ్లు ఇస్తామన్నాయి కదా. నేను మిలన్‌లో ఉంటాను, ముస్సొమెలి చూసొచ్చాను, మనుషులు మంచివాళ్లు.

నిషికసాయ్_నాని
బాబాయ్, అక్కడా అంతేగా? ఒక యూరో అంటారు, డిపాజిట్ అంటారు, మూడేళ్లలో బాగుచేయాలంటారు, వీసా మళ్లీ మన నెత్తినే. ఆవిడకి జపనీస్ వచ్చు, ఇటాలియన్ రాదు. ఊరి ఆఫీసులో మాట్లాడగలగడమే సగం పని.

ఇటలీ_బాబాయ్
అదీ నిజమే. డిపాజిట్ చాలాచోట్ల 5,000 యూరోలు. భాష లేకపోతే మేస్త్రీతో మాట్లాడటమే పెద్ద టెన్షన్, ఒప్పుకుంటా.

ఉత్తరాంధ్ర_పిల్ల
చలి గురించి ఎవరూ అనలేదేంటి? నేను నీగాతాలో చదువుకున్నాను, పక్క ఊళ్లో ఇలాంటి ఇంట్లో అద్దెకున్నాను. గది లోపల గ్లాసులో నీళ్లు గడ్డకట్టేవి. కిరోసిన్ హీటర్ పక్కన కూర్చుంటే ముందు కాలిపోతుంది, వెనక వణుకు. తెల్లారి లేవగానే కప్పు మీద మంచు తోయాలి, ఏటా అక్కడ ముసలివాళ్లు ఆ పనిలో జారిపడి చనిపోతుంటారు. షిమానే కొండల్లో నీగాతా అంత మంచు పడదు గానీ పడుతుంది. మూడో తరగతి పాపతో హైదరాబాద్ నుంచి నేరుగా అందులోకి దిగొద్దక్కా, ప్లీజ్.

హిరోషిమా_శీను
చెల్లి చెప్పింది వంద శాతం కరెక్ట్. మా దగ్గర జనవరి, ఫిబ్రవరిలో నేల కింద ఖాళీలోంచి గాలి వీస్తుంది. మేం ఇల్లంతా వెచ్చబెట్టే పని పెట్టుకోలేదు. వంటగది, దాని పక్క గది రెండింటికే నేల కింద, గోడల్లో, కప్పులో చలిని ఆపే దూది పట్టీలు వేసి, రెండు పొరల అద్దాల కిటికీలు పెట్టి, చలికాలమంతా అందులోనే ఉంటాం.

అన్నట్టు ఆ ఎర్ర పెంకులు సెకిషూ పెంకులు, షిమానే పశ్చిమాన చేస్తారు. 1,200 డిగ్రీలు దాటించి కాలుస్తారు కాబట్టి మంచుకీ పగలవు. పెంకులు బాగుంటే దాదాపు కప్పు బాగున్నట్టే, కానీ అటకెక్కి దూలాల మీద నీటి మరకలు చూడకుండా నమ్మకండి.

పెసరట్టు_ప్రియుడు
ముఖ్యమైన ప్రశ్న ఎవరూ అడగట్లేదు. ఇడ్లీ గ్రైండర్ పనిచేస్తుందా అక్కడ?

నిషికసాయ్_నాని
అక్కడ కరెంటు 100 వోల్టులు. మన గ్రైండర్‌కి దాని వాటేజీకి తగ్గ పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మా బిల్డింగ్‌లో తెలుగువాళ్లందరి వంటింట్లో ఇటుక బరువున్న ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఉంటుంది. మీ పెసరట్టుకి ఢోకా లేదు.

హిరోషిమా_శీను
పాత ఇంట్లో వైరింగే మార్పించాలి లెండి, గ్రైండర్ దాకా వెళ్లక్కర్లేదు. మాకు ఇల్లంతటికీ కలిపి రెండు సర్క్యూట్లే ఉండేవి.

లెక్కల_మాస్టారు
డబ్బు పంపే విషయం. ఇండియాలో నివాసి అయితే ఆర్‌బీఐ ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకునే పథకం) కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల వరకు పంపొచ్చు, విదేశంలో ఇల్లు కొనడానికీ వాడొచ్చు. ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందస్తు పన్ను) పట్టుకుంటుంది. అది పోయే డబ్బు కాదు, రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది, కానీ ఆ నెల మీ చేతిలో లేకపోతే పని ఆగుతుంది. దంపతులిద్దరి పేరునా విడివిడిగా పంపితే ఎవరి పరిమితి వారిది. ఇక్కడ నివాసిగా ఉన్నన్నాళ్లూ ఆ ఇల్లు రిటర్న్‌లోని షెడ్యూల్ ఎఫ్‌ఏలో, అంటే విదేశీ ఆస్తుల పట్టికలో, చూపించి తీరాలి. వదిలేస్తే నల్లధనం చట్టం, 2015 కింద 10 లక్షల జరిమానా దాకా ఉంది. ఇది తేలిగ్గా తీసుకోకండి.

నిషికసాయ్_నాని
మాస్టారు చెప్పినదానికి తోడు అక్కడి ఖర్చులు. 80 లక్షల యెన్ల లోపు ఇళ్లకు బ్రోకరు 2024 జూలై నుంచి 3.3 లక్షల దాకా తీసుకోవచ్చు. ఇల్లు 18 లక్షలే అయినా ఫీజు అంత దాకా ఉండొచ్చు. రిజిస్ట్రేషన్ కాగితాలు చూసే షిహో-షోషి ఫీజు వేరు. కొన్ని నెలల తర్వాత కొనుగోలు పన్ను నోటీసు వస్తుంది, అప్పుడు అందరూ ఉలిక్కిపడతారు. ఏటా కట్టే ఇంటి పన్ను మాత్రం పల్లెల్లో తక్కువే, విలువ మీద 1.4 శాతం. బ్యాంకు లోన్ ఆశ పెట్టుకోవద్దు, పీఆర్ లేకుండా చాలా బ్యాంకులు ఇవ్వవు, పాత చెక్క ఇంటికి తాకట్టు విలువే కట్టరు.

ఓరుగల్లు_పోరడు
అసలు అన్ని ఇళ్లు ఎందుకు ఖాళీగా ఉన్నాయి? అక్కడ భూమికి విలువ లేదా?

హిరోషిమా_శీను
2023 సర్వేలో దేశం మొత్తం మీద ఖాళీ ఇళ్లు 90 లక్షలు, 13.8 శాతం. అందులో అద్దెకి పెట్టినవీ అమ్మకానికి ఉన్నవీ సెలవులకి వాడుకునేవీ తీసేస్తే ఎవరూ పట్టించుకోనివి 38 లక్షల పైన. పిల్లలు టోక్యో, ఒసాకా వెళ్లిపోతారు, పెద్దవాళ్లు పోతారు. ఇల్లు కూల్చడానికి డబ్బు కావాలి, కూల్చాక స్థలం మీద పన్ను రాయితీ పోతుంది, ఎందుకంటే ఇల్లున్న చిన్న స్థలానికి పన్ను విలువ ఆరో వంతే లెక్కేస్తారు. అందుకని అలాగే వదిలేస్తారు. చాలా ఇళ్లు ఇప్పటికీ తాతల పేరు మీదే ఉన్నాయి. 2024 ఏప్రిల్ నుంచి వారసత్వ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశాక కాస్త కదలిక వచ్చింది. మీరు చూసిన ఇల్లు ఎవరి పేరు మీద ఉందో ముందు అడగండి. పది మంది వారసుల్లో ఒక్కరు సంతకం పెట్టకపోయినా అక్కడే ఆగుతుంది.

వెనక మడి అన్నారు కదా. అది పొలంగా నమోదై ఉంటే ఊరి వ్యవసాయ కమిటీ అనుమతి లేకుండా మీ పేరున మారదు. కనీసం ఇంత విస్తీర్ణం ఉండాలనే నియమం 2023లో తీసేశారు కాబట్టి చిన్నదైనా అడగొచ్చు, కానీ మీరు నిజంగా సాగు చేస్తారని వాళ్లకి నమ్మకం కలగాలి.

గోదారమ్మ
శీనుగారు రాసింది చదివాక కొంచెం మెత్తబడ్డాను. ఆవిడ స్తంభం పట్టుకుని నిలబడిందన్న మాట నన్ను వదలట్లేదు. మాకూ అలాంటి పూజారి ఒకరు కావాలేమో. ఇంతకీ గోడలు ఎలా బాగుచేశారు? మావీ మట్టిగోడలే, మేస్త్రీలు అందరూ సిమెంట్ కొట్టేద్దాం అంటున్నారు.

సున్నపురాయి
సిమెంట్ వద్దండీ, దండం పెడతా. మట్టి తేమ పీలుస్తుంది, వదులుతుంది. పైన సిమెంట్ పూస్తే ఆ తేమ లోపలే ఉండిపోయి చెక్క కుళ్లుతుంది, ఉప్పు పొంగుతుంది. మీకు గానుగ సున్నం చాలు. కరక్కాయ, బెల్లం వేసి సున్నం నానబెట్టే పాత మేస్త్రీలు వెతికితే ఇంకా దొరుకుతారు, దేవాలయాల పనులు చేసేవాళ్లని అడగండి.

హిరోషిమా_శీను
సున్నపురాయిగారి మాటే నాదీ. మా గోడ పగలగొడితే లోపల వెదురు బద్దలు అడ్డంగా నిలువుగా పేర్చి గడ్డితాడుతో కట్టి ఉన్నాయి, దాని మీద తరిగిన వరిగడ్డి కలిపిన మట్టి. ఆ పాత మట్టిని పారేయలేదు. తొట్టిలో వేసి నీళ్లు పోసి కొత్త గడ్డి కలిపి నానబెట్టాం. వారాలు గడిచేసరికి నల్లగా మారి మురుగు వాసన వచ్చింది, ఇంట్లో అందరూ ముక్కు మూసుకున్నారు. అదే సరైన గుర్తని పక్కింటి పెద్దాయన చెప్పాడు, గడ్డి కుళ్లితేనే మట్టికి జిగట వస్తుందట. ఆ మట్టినే మళ్లీ పూశాం, పైన సున్నం. ఆ సున్నంలో వాళ్లు సముద్రపు నాచు జిగురు, జనపనార లాంటి పీచు కలుపుతారు. ఆ గది ఇప్పుడు వానాకాలంలో బూజు పట్టట్లేదు, సిమెంట్ పూతతో వచ్చిన స్నానాల గది పక్క గోడ మాత్రం పడుతోంది.

కొండపల్లి_బొమ్మ
ఈ చర్చలో నేర్చుకున్నంత ఎక్కడా నేర్చుకోలేదు. శీనుగారూ, ఊళ్లోవాళ్ల సంగతి చెప్పలేదు మీరు. పాప స్కూలు అన్నిటికన్నా పెద్ద దిగులు.

హిరోషిమా_శీను
ఊరి సంఘంలో చేరాలి, నెలకింత చందా. వసంతంలో కాలువ పూడిక తీత, వేసవిలో గడ్డి కోత, గుడి పండగ, ఇంటికొకరు వెళ్లాలి. వెళ్లనివాళ్లని తిట్టరు, కానీ వాళ్ల గురించి అందరికీ తెలుస్తుంది. నేను మొదటి గడ్డి కోతకి సొంత మెషిన్ పట్టుకుని వెళ్లాను, ఆ సాయంత్రమే మా గుమ్మం ముందు ముల్లంగులు పెట్టి ఉన్నాయి. ఎవరు పెట్టారో ఇప్పటికీ తెలీదు. అడవిపందులు మడి తవ్వేస్తాయి, కరెంటు కంచె కావాలి. ఎలుగుబంట్లు కూడా ఉన్నాయి, రాత్రిళ్లు చెత్త బయట పెట్టకూడదు.

స్కూళ్లు పిల్లలు లేక మూతపడుతున్నాయి, కాబట్టి పాపని సంతోషంగా చేర్చుకుంటారు. క్లాసులో నలుగురైదుగురే ఉంటారు. అది కొందరికి వరం, కొందరికి ఒంటరితనం, పాప స్వభావం మీకే తెలుసు. మధ్యాహ్న భోజనంలో పంది మాంసం, ఎద్దు మాంసం వస్తాయి, ముందుగా చెప్తే ఇంటి నుంచి డబ్బా తెచ్చుకోనిస్తారు. కారు లేకుండా అక్కడ బతకలేరు. మన లైసెన్సు మార్చుకునే పరీక్ష 2025 అక్టోబర్ నుంచి కష్టం చేశారు, 50 ప్రశ్నలు, 90 శాతం రావాలి. పర్యాటక వీసా మీద అసలు కుదరదు.

నిషికసాయ్_నాని
మరి వీసాకి మీకు దగ్గర దారి ఇది. ఎన్2 ఉంది కాబట్టి రిమోట్ ఒప్పుకునే జపాన్ కంపెనీలో మీ పేరు మీద ఉద్యోగం, బావగారికి డిపెండెంట్ వీసా, ఆయన అనుమతి తీసుకుని వారానికి 28 గంటల దాకా పని చేసుకోవచ్చు. తొకుషిమాలో కమియామా అనే కొండ ఊళ్లో చాలా ఐటీ కంపెనీలు పాత ఇళ్లలో ఆఫీసులు పెట్టాయి, ఫైబర్ ఇంటర్నెట్ ఉంది. 'చీకి ఒకోషి' అని ఊళ్లని నిలబెట్టే సర్కారు పథకం కూడా ఉంది, మూడేళ్ల వరకు జీతం ఇచ్చి ఊళ్లోనే పని ఇస్తారు, వీసా సరిపడితే విదేశీయులనూ తీసుకుంటారు. ఉద్యోగం ముందు, ఇల్లు తర్వాత.

ఉత్తరాంధ్ర_పిల్ల
ఇంకో మాట. చాలా పల్లె మునిసిపాలిటీలకు కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా ఉండి చూసుకోవడానికి ఇళ్లు ఉంటాయి, అద్దె తక్కువ. వాటిలో చలికాలంలో ఉండండి. ఏప్రిల్‌లో చెర్రీ పూలు చూసి ఇల్లు కొనేవాళ్లు ఫిబ్రవరిలో ఏడుస్తారు.

కొండపల్లి_బొమ్మ
రాత్రి మావారితో కూర్చుని ఈ పోస్టులన్నీ చదివి వినిపించాను. ఇల్లు ఇప్పుడు కొనట్లేదు. పొద్దున్నే ఆ ఊరి ఆఫీసుకి ఉత్తరం రాశాను: ఫిబ్రవరిలో వాళ్ల ఇంట్లో ఉండనిస్తారా, మాలాంటి విదేశీయులకు ఇస్తారా, ఈ ఇల్లు ఎవరి పేరున రిజిస్టరై ఉంది, కొండచరియల హెచ్చరిక మ్యాపులో ఏ రంగులో ఉంది, మడి పొలం కిందికి వస్తుందా. ఉద్యోగానికి రెండు కంపెనీలకు దరఖాస్తు పెడుతున్నాను. అత్తగారు "ఫిబ్రవరిలో అయితే నేనూ వస్తా, చూసొస్తా" అన్నారు.

పెసరట్టు_ప్రియుడు
అత్తగారు మాట్లాడారు! ఈ చర్చ సార్థకం.

గోదారమ్మ
నేను రేపు అమలాపురం వెళ్తున్నా. సున్నపురాయిగారూ, ఫోటోలు పెడతా, చూసి చెప్పండి. అన్నదమ్ములకి కూడా ఈ లింకు పంపాను.

సున్నపురాయి
తప్పకుండా పెట్టండి. స్తంభాల అడుగు భాగం, గోడ కింద మూర ఎత్తు, కప్పు లోపలి నుంచి. ఈ మూడూ దగ్గరగా తీయండి, ఇంటి ముందు భాగం ఫోటో నాకక్కర్లేదు.

హిరోషిమా_శీను
కొండపల్లిగారూ, ఫిబ్రవరిలో వస్తే తేదీలు ఇక్కడే చెప్పండి. ఇల్లు చూసేటప్పుడు నేనూ వస్తాను, అటకెక్కడానికి, నేల కింద పాకడానికి పాత బట్టలు, తలకి కట్టుకునే లైటు తెచ్చుకోండి. స్క్రూడ్రైవర్ నా దగ్గరుంది.